అపెండిక్స్ తీసేశాక మళ్లీ అదే చోట నొప్పి.. రెండోది ఉందేమో అనుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 23 ఏళ్లు. నాలుగేళ్ల కింద అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఐదు రోజుల కింద మళ్లీ కుడివైపు పొత్తికడుపులో నొప్పి వచ్చింది, రెండుసార్లు వాంతయింది. ఆపరేషన్ అయినోళ్లకు 24 గంటల నొప్పి (అపెండిక్స్ నొప్పి) మళ్లీ రాదు, ఇది గ్యాస్ అని ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు ఇంజెక్షన్లు వేశారు. అమ్మ ఆముదం తాగించింది. ఇప్పుడు నొప్పి తగ్గింది కానీ సాయంత్రం అయ్యేసరికి జ్వరం, అన్నం సయించడం లేదు. కొందరికి పుట్టుకతోనే రెండు అపెండిక్స్‌లు ఉంటాయని వీడియోలో చూశాం. నిజమేనా? నా పిల్లలిద్దరికీ స్కానింగ్ చేయించాలా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, తమ్ముణ్ని సర్జన్‌కు చూపించండి, అదీ ఈ రోజే. ఈ జవాబు వచ్చేదాకా ఆగొద్దని డెస్క్ వాళ్లతో మీకు ముందే చెప్పించాను. ఇంకా వెళ్లకపోతే ఇది చదవడం ఆపి బయలుదేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. దారిలో తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు.

మీరు రెండు అపెండిక్స్‌ల గురించి అడిగారు. నన్ను భయపెట్టింది మాత్రం ‘నొప్పి తగ్గింది కానీ జ్వరం’ అన్న మాట. లోపల వాచిన భాగానికి చిల్లు పడితే ఒత్తిడి తగ్గి కొన్ని గంటలు హాయిగా ఉండొచ్చు. చీము ఒకచోట గడ్డ కట్టినా నొప్పి మందగించి సాయంత్రం జ్వరాలు మొదలవుతాయి. మీ తమ్ముడికి అదే జరిగిందని చూడకుండా చెప్పలేను. కాదని మాత్రం ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు.

ఇంజెక్షన్ల సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. నొప్పి తగ్గించే మందు తప్పని కాదు, మేమూ ఆసుపత్రిలో ఇస్తాం. కాకపోతే ముందు పొట్ట చూస్తాం, రక్తపరీక్షకు పంపుతాం, ఇచ్చాక కూడా గంట గంటకూ గమనిస్తాం. ఊళ్లో మూడు రోజులు వేసిన ఇంజెక్షన్లలో ఏముందో మీ ఉత్తరంలో లేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే పొట్ట గట్టిపడటం, జ్వరం లాంటి గుర్తులు అణిగిపోతాయి. అరకొరగా వేసిన యాంటీబయాటిక్ రోగాన్ని తగ్గించకుండా కొన్నాళ్లు కప్పిపెడుతుంది. ఆర్‌ఎంపీని అడిగి ఆ సీసాలు, స్ట్రిప్‌లు సంచిలో వేసుకుని వెళ్లండి. చూసే డాక్టర్‌కు అవి చాలా పనికొస్తాయి. ఇక ఆముదం. అమ్మ ప్రేమతోనే తాగించి ఉంటారు. కానీ కుడివైపు నొప్పి, వాంతులు ఉన్న మనిషికి విరేచనాల మందు ఇవ్వకూడదు. వాచిన పేగు చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది. బొడ్డు జారిందని పొట్ట రుద్దించడం కూడా వద్దు.

ఇప్పుడు మీ ప్రశ్న. అవును, రెండు అపెండిక్స్‌లు ఉండటం నిజమే. కానీ అరుదు, సుమారుగా లక్ష మందిలో నలుగురికి. కేవ్ అనే ఆయన 1936లో వీటిని రకాలుగా విభజించారు, తర్వాత వాల్‌బ్రిడ్జ్ దాన్ని సవరించారు. ఒక రకంలో అపెండిక్స్ మొదట్లో ఒకటిగానే ఉండి చివర రెండుగా చీలుతుంది. ఇంకో రకంలో పెద్దపేగు మొదటి భాగానికి (దీన్ని సీకం అంటాం) రెండు విడివిడి అపెండిక్స్‌లు ఉంటాయి. ఒకటి మామూలు చోట, రెండోది దూరంగా లేదా వెనకాల దాగి. మూడో రకంలో సీకమే రెండుగా ఉండి దేనికది అపెండిక్స్‌తో ఉంటుంది. ఒకదాన్ని తీసినప్పుడు దాగి ఉన్నది కంటపడకపోతే కొన్నేళ్లకు అదీ వాచొచ్చు. కాబట్టి ‘తీసేశాక మళ్లీ రాదు’ అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం కాదు.

అయినా మీ తమ్ముడి విషయంలో నా మొదటి అనుమానం అది కాదు. పాత ఆపరేషన్‌లో అపెండిక్స్ మొదలు కాస్త పొడవుగా మిగిలితే ఆ ముక్కే వాచొచ్చు, దాన్ని స్టంప్ అపెండిసైటిస్ అంటారు. అదీ అరుదే, కానీ రెండో అపెండిక్స్ కన్నా ముందు దాన్నే చూడాలి. కుడి మూత్రనాళంలో రాయి, అక్కడి పేగుకు టీబీ, పాత కుట్ల దగ్గర పేగులు అతుక్కోవడం, చిన్నపేగుకు పుట్టుకతో వచ్చే మెకెల్స్ తిత్తి వాయడం.. ఇవన్నీ అదే చోట నొప్పి పెడతాయి. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనపడలేదంటే ఏమీ లేదని కాదు. సర్జన్ సీటీ రాస్తే వాయిదా వేయకండి. పాత డిశ్చార్జ్ కాగితం, బయాప్సీ రిపోర్టు తప్పక తీసుకెళ్లండి. పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడగండి. ఖర్చు గురించి ఆగొద్దు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

అపెండిక్స్ అసలే లేకుండా పుట్టేవాళ్లూ ఉన్నారు, దాదాపు లక్షలో ఒకరు. తల్లి కడుపులో పేగు తిరిగి కిందికి దిగే క్రమం సగంలో ఆగితే అపెండిక్స్ కాలేయం కింద ఉండిపోయి, దాని నొప్పి పిత్తాశయం నొప్పిలా కనిపిస్తుంది. అవయవాలన్నీ అటుదిటు మారి పుట్టినవాళ్లకు అది ఎడమవైపు ఉంటుంది. అందుకే నొప్పి చోటు చూసి ఇది ఫలానా అని బయటివాళ్లు తేల్చేయడం నాకు నచ్చదు.

మీ పిల్లలిద్దరికీ ఏ నొప్పీ లేకపోతే స్కానింగ్ అక్కర్లేదు. మేనమామకు ఉందని వాళ్లకు వస్తుందనుకోవడానికి తగిన ఆధారం లేదు. ఒకవేళ తమ్ముడికి నిజంగానే రెండో అపెండిక్స్ బయటపడితే అది ఏ రకమో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. కొన్ని రకాల్లో, ముఖ్యంగా సీకం కూడా రెండుగా ఉన్నప్పుడు, పేగులు, మూత్రపిండాలు, వెన్నెముకలో కూడా పుట్టుక లోపాలు ఉండే అవకాశం ఉంది. అప్పుడు పరీక్షలు అవసరమయ్యేది అతనికే, మీ పిల్లలకు కాదు.