హన్మకొండలో రోలర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు ఐస్ మీద లాంగ్ డిస్టెన్స్ స్కేటర్లు కాగలరా?

కాగలరు, చక్రాల మీద మొదలుపెట్టి, పెద్దయ్యాక ఐస్‌కి మారి ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాళ్లు ఉన్నారు. రెండింట్లోనూ నడుం వంచి, మోకాళ్లు మడిచి, కాలిని వెనక్కి కాకుండా పక్కకు తన్నడమే అసలు పని. 400 మీటర్ల ట్రాక్ మీద 25 రౌండ్లు, అంటే 10,000 మీటర్లు, అలా వంగే లాగాలంటే తొడల్లో దమ్ముండాలి. ఆ దమ్ము రోడ్డు మీద కూడా వస్తుంది (తొడలు మండిపోతాయి, అది వేరే సంగతి). అమెరికా ఆటగాడు చాడ్ హెడ్రిక్ ఇన్‌లైన్ స్కేటింగ్‌లో (చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే స్కేట్ల మీద) ప్రపంచ ఛాంపియన్ అయ్యాకే ఐస్‌కి మారి, 2006 టురిన్ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్ల స్వర్ణం కొట్టాడు. చిన్నప్పటి నుంచీ మంచులోనే పెరగాలన్నది అపోహ. బ్లేడు అంచు మీద మలుపు తిరగడం మాత్రం ఐస్ మీదే నేర్చుకోవాలి. వరంగల్‌లో అలాంటి ట్రాక్ లేదు కాబట్టి ఏదో ఒక రోజు ఊరు దాటక తప్పదు.