విశాఖ రేవుకు పగటిపూటే రండి

చిరంజీవులు శ్రావణికి, కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మార్చి మొదట్లో మీ తెరచాప పడవలో చెన్నై నుంచి ఒడిశాలోని పారాదీప్ రేవుకు వెళ్తూ దారిలో విశాఖలో నాలుగు రోజులు ఆగుతారని మీ నాన్న చెప్పాడు. మంచి కాలమే చూసుకున్నారు. ఫిబ్రవరి నుంచి తీరం వెంట నీరు ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య గాలి కూడా పట్టు సడలి దక్షిణపు గాలికి చోటిస్తుంది. అదే అక్టోబరులో అయితే ప్రవాహం ఎదురు, పైగా తుపాన్ల భయం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఈ ఊరి దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో వస్తామని ఉంటే ఉత్తరం ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి, రావద్దని.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. రాత్రిపూట రేవులోకి రావద్దు. చెన్నై నుంచి ఇక్కడికి సుమారు 330 నాటికల్ మైళ్లు. అయిదు నాట్ల వేగంతో, అంటే గంటకు అయిదు నాటికల్ మైళ్ల చొప్పున వస్తే 66 గంటలు. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరితే మూడో రాత్రి కూడా గడిచాక పొద్దున్న ఎనిమిదికి చేరతారు. చిక్కు ఎక్కడంటే, గాలి కలిసొచ్చి ఆరు నాట్లు పడిందా, ముందు రోజు రాత్రి తొమ్మిదికే ఊరి దీపాలు కనిపిస్తాయి. అవి చూసి ఆశపడకండి. తెరచాప కుదించుకుని, లంగరేసిన ఓడలకు ఎడంగా, బయటే తచ్చాడుతూ తెల్లవారనివ్వండి. ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ వలలు ఎక్కువ. వాటికి గుర్తుగా కట్టేది థర్మోకోల్ ముక్కో, ప్లాస్టిక్ డబ్బానో. దీపం లేని తెప్పలు కూడా ఉంటాయి. మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి గానీ మొదలు కాదు కాబట్టి మీరు వచ్చేసరికి సముద్రం నిండా పడవలే. పడవ అడుగున తిరిగే ప్రొపెల్లరుకు ఒక్క నైలాన్ తాడు చుట్టుకుంటే చాలు, ప్రయాణం అక్కడితో ఆగుతుంది. గోదావరి నోటి దగ్గర కూడా ఒడ్డుకు రాకండి. అక్కడ ఇసుక మేటలు, చమురు బావుల కట్టడాలు ఉంటాయి.

దక్షిణం నుంచి వచ్చేటప్పుడు ముందు గంగవరం రేవు తగులుతుంది. క్రేన్లు చూసి అదే విశాఖ అనుకునేరు. ఇంకా పైకి రావాలి. యారాడ కొండలు దాటి, సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్స్ నోస్ కొండ వస్తుంది, దాని మీద దీపస్తంభం. రేవు ముఖద్వారం ఆ ముక్కుకు ఉత్తరపు పక్కనే. దగ్గరికి రాకముందే వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్లో పోర్టు కంట్రోలును పిలిచి పేరు చెప్పుకోండి. వాళ్లు ఆగమంటే ఆగడమే. లోపల నుంచి ఓడ బయటికి వస్తుంటే దారి దానిదే. ఏళ్ల తరబడి ఓడలను లాగే టగ్గు పడవ మీద నిలబడి చూశాను, అంత పెద్ద ఓడకు చిన్న పడవ కోసం పక్కకు తిరగడం సాధ్యం కాదు.

మనదేశపు పడవ, మనదేశపు మనుషులం, అడిగేదెవరు అనుకోకండి. ఇది తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం. 2008 ముంబయి దాడుల తర్వాత తీరమంతా నిఘా పెరిగింది. పడవ రిజిస్ట్రేషను, గుర్తింపు కార్డులు, చెన్నైలో ఇచ్చిన కాగితాలు ఒక్క సంచిలో పెట్టుకోండి. ఎక్కడ కట్టాలో చెన్నైలో ఉండగానే ఏజెంటు ద్వారా రాతపూర్వకంగా తేల్చుకోండి. యుద్ధనౌకలను ఫొటో తీయవద్దు. కిరణ్‌కు కెమెరా పిచ్చి అని విన్నాను, అందుకే రెండోసారి చెబుతున్నాను, తీయవద్దు. అనుమతి లేని శాటిలైట్ ఫోను ఉంటే అసలు ఎక్కించుకోకండి.

చేపలరేవులో మరబోట్లకు ఆనించి కట్టే పరిస్థితి వస్తే ఒప్పుకోకండి. 2023 నవంబరులో అర్ధరాత్రి అక్కడ మంటలు లేచి, ఒకదానికొకటి కట్టి ఉన్న బోట్లు వరసగా అంటుకున్నాయి. ప్రతి బోటులో డీజిలు, వంట గ్యాసు ఉంటాయి మరి. కాస్త ఎడం ఉన్న చోటే అడగండి. ఇంకోటి, ఇక్కడ బొగ్గు, ఇనుప ఖనిజం దిగుమతి ఎగుమతులు జోరు. గాలి అటు తిరిగితే తెల్లటి తెరచాప మీద వేలితో పేరు రాయవచ్చు. కట్టగానే గుడ్డ కప్పండి. బయలుదేరే ముందు తాళ్లు, కప్పీలు మంచినీళ్లతో కడగండి.

కట్టిన మొదటి రోజు ఊరు చూడటానికి పరుగెత్తవద్దు. మూడు రాత్రులు వంతులవారీగా మేలుకున్న మొగుడూ పెళ్లాల మధ్య లంగరు తాడు మీద కూడా తగవు వస్తుంది. నిద్రపోండి. కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి ఎక్కడికీ పోవు. సింహాచలం మాత్రం పొద్దున్నే వెళ్లండి. సరుకులకు పూర్ణా మార్కెట్ చాలు. ఉల్లి, నిమ్మకాయలు, పచ్చి అరటికాయలు నిలవుంటాయి. అనకాపల్లి బెల్లం తప్పక కొనండి, రాత్రి కాపలాలో నోట్లో వేసుకోవడానికి.

వాతావరణ శాఖ బులెటిను రోజూ చూడండి. రేవులో ప్రమాద సూచిక ఎగిరితే బయలుదేరే మాట ఎత్తవద్దు. సముద్రంలో ఆపద వస్తే కోస్టుగార్డు నంబరు 1554, తీరంలో సిగ్నలు అందినంత మేర పనిచేస్తుంది.

పెద్దమ్మ అడుగుతోంది, శ్రావణీ, మీ ఆయన చేపల పులుసు తింటాడా, లేక గుత్తివంకాయ చేయాలా? చెన్నైలో లంగరు ఎత్తేలోపు చెప్పు.

మీ పెదనాన్న