‘బ్యాండికూట్’ మన పందికొక్కేనా?

సందేహం: మా బాబు క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ ఆడుతుంటాడు. బ్యాండికూట్ అంటే ఆస్ట్రేలియా జంతువట. ఆ మాట మన పందికొక్కు నుంచి వచ్చిందని మా స్నేహితురాలు అంటోంది. నిజమేనా, భాషాభిమానం కొద్దీ అతికించిన కథా?

సమాధానం: నిజమేనండీ. ఇంగ్లిషు నిఘంటువులే ఒప్పుకున్న మాట ఇది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ పదకోశం తెలుగు ‘పందికొక్కు’నే మూలంగా చూపించి, పంది ఎలుక అని అర్థం కూడా ఇచ్చింది. ఇరుగుపొరుగు భాషల్లో చూసినా తేలిపోతుంది: ఇదే జంతువుని తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు, వాటిని ఎంత సాగదీసినా బ్యాండికూట్ రాదు.

కొక్కు అంటే పెద్ద ఎలుక. ఇప్పుడు విడిగా ఎవరూ వాడటం లేదు గానీ వినాయకుడికి కొక్కురౌతు అనే పేరుంది, రౌతు అంటే స్వారీ చేసేవాడు కదా, ఆ పేరులో ఈ పాత మాట చక్కగా మిగిలింది. ఇక పంది ఎందుకంటారా? ఒళ్లు లావు, పైగా కోపమొస్తే పందిలాగే గుర్రుమంటుంది. గాదె కింద దాని చప్పుడు విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మనం ‘ప’ని గాలి వదలకుండా పలుకుతాం కాబట్టి ఇంగ్లిషువాళ్ల చెవికి అది ‘బ’లా వినిపించింది, చివరి ‘క్కు’ కాస్తా ‘ట్’ అయింది.

తర్వాత తెల్లవాళ్లు ఆస్ట్రేలియా వెళ్లి, పొడుగు మూతితో నేల తవ్వుకుంటూ తిరిగే ఒక చిన్న జంతువుని చూసి ఇండియాలో నేర్చుకున్న ఈ పేరే దానికీ పెట్టేశారు. పోలిక పైపైనే. అది ఎలుక జాతే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జంతువు, ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. 1996లో వచ్చిన మీ బాబు గేములో హీరో ఈ ఆస్ట్రేలియా జంతువే. అసలు పందికొక్కుల ప్రజాతికి మాత్రం శాస్త్రవేత్తలు బ్యాండికోటా అని పేరు పెట్టారు, అంటే అక్కడా మన మాటే.

ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఆస్ట్రేలియా బ్యాండికూట్ గురించి తెలుగులో రాసేటప్పుడు, మాట మనదే కదా అని కొందరు ‘పందికొక్కు’ అని రాసేస్తున్నారు. అలా రాస్తే చదివే పిల్లలు ధాన్యం తినే ఎలుకనే ఊహించుకుంటారు. దాన్ని బ్యాండికూట్ అనే రాయండి, మన పొలాల్లో తిరిగేదాన్ని పందికొక్కు అనండి.