అమెరికాలో లారీని ఏమనాలి, ట్రక్ అంటే ఏమనుకోవాలి

కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది అడిగే సందేహం ఇది. డాలస్‌లో ఉన్న ఫ్రెండు ఎయిటీన్ వీలర్ అంటాడు. షికాగోలో మేనేజరు సెమీ అంటాడు. న్యూజెర్సీ రేడియోలో ట్రాక్టర్ ట్రైలర్ అని చెబుతారు. బే ఏరియా ట్రాఫిక్ వార్తల్లో బిగ్ రిగ్ తిరగబడి మూడు లేన్లు మూసేశారంటారు. ఇవి నాలుగు రకాల బళ్లా, ఒకటేనా? వీటిలో ఏది కరెక్టు?

ఒకటే బండి, నాలుగూ కరెక్టే. ఇంజనూ క్యాబినూ ఉన్న ముందు ముక్కని ట్రాక్టర్ అంటారు. మన పొలం ట్రాక్టరుకీ దీనికీ సంబంధం లేదు. వెనకాల వచ్చే పొడుగాటి పెట్టెకి ముందు చక్రాలు ఉండవు. ముందు భాగం బరువంతా ట్రాక్టరు వీపు మీద వేసి నడుస్తుంది కాబట్టి దాన్ని సెమీ ట్రైలర్ అన్నారు, జనం దాన్ని కురచ చేసి సెమీ అంటున్నారు. ట్రాక్టరుకి పది చక్రాలు, ట్రైలరుకి ఎనిమిది, కలిపితే 18. పది టైర్ల లారీ, పన్నెండు టైర్ల లారీ అని లెక్కపెట్టే అలవాటు మనకి ముందునుంచే ఉంది కాబట్టి ఎయిటీన్ వీలర్ అన్న టెక్సస్ వాళ్ల మాట మనవాళ్ల నోట్లో తొందరగా పడిపోతుంది.

ఏ మాట ఎక్కడ వినపడుతుందంటే, టెక్సస్, లూసియానా, అలబామా వైపు ఎయిటీన్ వీలర్. హ్యూస్టన్‌లో హైవే పక్కన లాయర్ల హోర్డింగుల మీద పెద్ద అక్షరాలతో కనిపించేది ఈ మాటే. మిడ్‌వెస్ట్‌లోనూ పశ్చిమాన చాలా రాష్ట్రాల్లోనూ సెమీ. న్యూయార్క్, పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియాల్లో ట్రాక్టర్ ట్రైలర్. కాలిఫోర్నియా వార్తల్లో బిగ్ రిగ్. అలాగని గీత గీసినట్టేమీ ఉండదు. అట్లాంటాలో సెమీ అన్నా, సియాటిల్‌లో ఎయిటీన్ వీలర్ అన్నా మిమ్మల్నెవరూ వింతగా చూడరు. చెవికి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. సెమీఫైనల్‌లో సెమీ అని పలికినట్టు కాకుండా ఈ బండి దగ్గరికి వచ్చేసరికి చాలామంది సెమై అంటారు. ఫోన్లో వింటే అది ఏదో ఊరి పేరనుకునే ప్రమాదం ఉంది.

లారీ అనే మాటని మాత్రం ఇక్కడ పక్కన పెట్టండి. తెలిసినవాళ్లు అది బ్రిటిష్ మాట అని నవ్వి ఊరుకుంటారు, కానీ అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లు రెండోసారి అడిగే పరిస్థితి తెచ్చుకోవడం ఎందుకు? సెమీ అనండి, చాలు. అసలు వాళ్లకి ముందు కావలసింది బండి పేరు కాదు. ఏ హైవే, ఏ దిక్కుకి వెళ్లే వైపు, ఏ మైలు మార్కరు లేదా ఎగ్జిట్ దగ్గర, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అన్నవే అడుగుతారు. నార్త్‌బౌండా, సౌత్‌బౌండా అన్నది మనవాళ్లు చాలామంది చెప్పలేక తడబడే చోటు. బండి ఎక్కగానే అది మనసులో పెట్టుకోవడం మంచిది.

మిగతా సైజుల సంగతి. తెలంగాణవాళ్లు డీసీఎం అనే మధ్య సైజు బండి ఇక్కడ బాక్స్ ట్రక్. మన టిప్పరు ఇక్కడ డంప్ ట్రక్. ఆగిపోయిన కారుని లాక్కెళ్లేది టో ట్రక్, టెక్సస్ వైపు అదే రెక్కర్. కారుని పైకెక్కించుకుని తీసుకెళ్లే చదును బండి ఫ్లాట్‌బెడ్. ఆల్ వీల్ డ్రైవ్ కారైతే, అంటే ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పే కారైతే, టో కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ఫ్లాట్‌బెడ్ పంపమని నోరు తెరిచి అడగాలి. రెండు చక్రాలు నేల మీద దొర్లిస్తూ లాక్కెళితే అలాంటి కార్లలో గేరు భాగాలు పాడయ్యే అవకాశం ఉంది. రెస్టారెంట్ వ్యాపారంలో దిగినవాళ్లకి రీఫర్ అన్న మాట వినపడుతుంది, అది ఫ్రిజ్ ఉన్న ట్రైలర్.

అమెరికా దాటితే కథ మారుతుంది. కెనడాలో, ముఖ్యంగా ఒంటారియోలో, ట్రాన్స్‌పోర్ట్ ట్రక్ అంటారు. బ్రిటన్‌లో మన లారీ మళ్లీ దొరుకుతుంది, టిప్పరు కూడా టిప్పరే. ముందూ వెనకా విడిగా వంగే లారీని ఆర్టిక్ అంటారు, రోడ్డు బోర్డుల మీద హెచ్‌జీవీ, అంటే హెవీ గూడ్స్ వెహికల్, అని ఉంటుంది. మరీ పెద్ద లారీని విసుగ్గా జగర్‌నాట్ అంటారు. అది మన పూరీ జగన్నాథుడి పేరు నుంచి వచ్చిందే అని అక్కడి సహోద్యోగులకి చెబితే లంచ్ అవర్ సరదాగా గడిచిపోతుంది. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు రోడ్ ట్రైన్ అన్న మాట తెలుసుకోవాలి. ఒక ఇంజను వెనకాల మూడు నాలుగు ట్రైలర్లు తగిలించి 53.5 మీటర్ల దాకా పొడుగుండే బళ్లు అక్కడి ఎడారి రోడ్ల మీద తిరుగుతాయి. దాన్ని ఓవర్‌టేక్ చేయాలంటే ఎదుటి లేను చాలాదూరం ఖాళీగా కనపడాలి, లేకపోతే వెనకాలే ఓపిగ్గా పోవాలి. అక్కడ పికప్‌ని యూట్ అంటారు.

పికప్ మాట వచ్చింది కాబట్టి అసలు విషయం చెబుతాను. నన్నడిగితే ఆ పెద్ద బండి పేరు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. జనం మనల్ని తప్పుగా అర్థం చేసుకునేది, మనం వాళ్లని తప్పుగా అర్థం చేసుకునేది, ఉత్త ట్రక్ అన్న మాట దగ్గర.

ఆఫీసులో ఒకాయన శనివారం నా ట్రక్ తెస్తాను, మీ సోఫా వేసుకుందాం అంటే ఆయన లారీ ఓనరు కాదు. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పికప్ ఉందని అర్థం. ముందు మనుషులు కూచుంటారు, వెనక తెరిచిన తొట్టె ఉంటుంది. ఎఫ్ సిరీస్ ఏళ్ల తరబడి అమెరికాలో ఎక్కువ అమ్ముడుపోయే బళ్లలో ముందుంటోంది, కాబట్టి ట్రక్ నడుపుతానని చెప్పే డెంటిస్టులూ స్కూలు టీచర్లూ మీకు బోలెడుమంది తగులుతారు. కారు అద్దెకి తీసుకునేటప్పుడు కౌంటర్లో మీకు ట్రక్ ఇవ్వమంటారా అని అడిగినా అదే. సరే అనే ముందు ఒక్కటి ఆలోచించండి: తొట్టెకి మూత లేకపోతే మీ సూట్‌కేసులు వానలో తడుస్తాయి.

రోడ్డు బోర్డు మీద ట్రక్స్ అని రాస్తే మాత్రం ఆ టీచరు గారి పికప్ గురించి కాదు, సాధారణంగా సరుకు మోసే పెద్ద బళ్ల గురించి. ట్రక్స్ యూజ్ రైట్ లేన్, నో ట్రక్స్, ఆల్ ట్రక్స్ మస్ట్ ఎంటర్ వే స్టేషన్ (ట్రక్కుల బరువు తూచే చోటు) లాంటివి. దేన్ని ట్రక్ కింద లెక్కేస్తారు, బరువుని బట్టా, ఇరుసుల లెక్కని బట్టా, వ్యాపారానికి వాడుతున్నారా అన్నదాన్ని బట్టా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది. మామూలు కారులో తిరిగినంతకాలం ఆ బోర్డులతో మనకి పని లేదు కాబట్టి కళ్లు వాటిని చూడటం మానేస్తాయి. ఇల్లు మారే రోజు యూహాల్‌లోనో పెన్స్కేలోనో ట్రక్కు అద్దెకి తీసుకుని స్టీరింగ్ పట్టుకోగానే ఆ బోర్డులు మనకి కూడా వర్తించడం మొదలవుతుంది. కళ్లేమో కారు కళ్లే.

దీనికి తోడు చట్టం కూడా తలుపు తెరిచే ఉంచింది. కమర్షియల్ లైసెన్సు, అంటే సీడీఎల్, 26,001 పౌండ్ల నుంచి కావాలి. అద్దె కంపెనీలు అందుకే తమ పెద్ద బళ్లని 26,000 పౌండ్లు దాటకుండా ఉంచుతాయి. నిన్నటిదాకా కరోలా కారు నడిపిన కుర్రాడు మామూలు లైసెన్సుతో 26 అడుగుల ట్రక్కు తీసుకుని బయల్దేరొచ్చు. ఆ బండికి ఎత్తు సుమారు 12 నుంచి 13 అడుగులు ఉంటుందన్నది అతనికి ఎవరూ గట్టిగా చెప్పరు.

మా నార్త్ కరొలైనాలో దీనికి ఊరూరా పేరున్న ఉదాహరణ ఉంది. డర్హమ్‌లో గ్రెగ్సన్ స్ట్రీట్ మీద ఒక పాత రైలు వంతెన ఉంది, కిందనుంచి ఎత్తు మొదట్లో 11 అడుగుల 8 అంగుళాలు. 2008 నుంచి అక్కడ కెమెరా పెట్టి ఒకాయన రికార్డు చేస్తున్న వీడియోల్లో అద్దె ట్రక్కుల పైకప్పులు సార్డిన్ చేపల డబ్బా మూతలా ఒలుచుకుపోవడం చూడొచ్చు. వంతెనకి ముందు ఇనుప దూలం ఉంది, హెచ్చరిక బోర్డులున్నాయి, ఎత్తైన బండి వస్తే ఎర్ర లైటు వేసి పక్కకి తిరగమనే బోర్డు వెలిగించే సెన్సరు ఉంది. అయినా గుద్దుతూనే ఉన్నారు. 2019లో వంతెనని 8 అంగుళాలు పైకెత్తి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. ఆ తర్వాత కూడా గుద్దారు. కేరీ, మోరిస్‌విల్ మనవాళ్లు డర్హమ్ వైపు ఇల్లు మారేటప్పుడు ఆ వీధి తప్పించుకుని వెళ్లండి.

బోస్టన్‌లో చదువుకునేవాళ్లకి ఇంకా దగ్గరి సంగతి. అక్కడ అద్దె ఇళ్ల లీజులు ఎక్కువగా సెప్టెంబరు 1కి మారతాయి, ఊరంతా ఒకేరోజు సామాన్లు మోస్తుంది. చార్లెస్ నది పక్కనే వెళ్లే స్టారో డ్రైవ్ మీద వంతెనలు సుమారు 10 అడుగుల ఎత్తులో ఉంటాయి, ఎంట్రన్సుల దగ్గర కార్స్ ఓన్లీ అని బోర్డులు వేలాడుతుంటాయి. ఏటా ఎవరో ఒకరు అద్దె ట్రక్కుతో దూరి ఇరుక్కుంటారు. అది ఎంత మామూలైపోయిందంటే అక్కడివాళ్లు స్టారోడ్ అని దానికో క్రియే తయారుచేసుకున్నారు. న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వే అని పేరున్న రోడ్లు కూడా ఇలాంటివే. కార్ల కోసం కట్టిన పాత రోడ్లు, రాతి వంతెనలు వంపు తిరిగి తక్కువ ఎత్తులో ఉంటాయి, ట్రక్కులకి ప్రవేశం లేదు. ఎడిసన్ దగ్గర న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ హైవే ఎక్కితే లోపలి లేన్లు కార్స్ ఓన్లీ, బయటి లేన్లు కార్స్-ట్రక్స్-బసెస్ అని విడిపోతాయి. ఇల్లు మారే బండితో ఉన్నప్పుడు బయటి లేన్లే మీవి.

ఫోన్లో మనం రోజూ వాడే మ్యాపు దారి చూపించేది కారుకి. మీరు ఏ బండిలో ఉన్నారో దానికి తెలియదు. కాబట్టి ముందురోజు రాత్రే దారి చూసుకుని, పార్క్‌వేలు తప్పించి, ఇంటర్‌స్టేట్ మీద ఉండేలా పెట్టుకోండి. పెట్రోలు బంకు షెడ్డు, డ్రైవ్ త్రూ, అపార్టుమెంటు పార్కింగు గరాజు, ఈ మూడింటి దగ్గరా ఎత్తు చదివి గానీ ముందుకి పోవద్దు. బండి డీజిలా గ్యాసా అన్నది తాళాలు ఇచ్చేటప్పుడే అడగండి. గ్యాసంటే ఇక్కడ పెట్రోలు అని ఈపాటికి అలవాటయ్యే ఉంటుంది. బంకులో గొట్టం రంగుని నమ్మొద్దు, మీద రాసింది చదవండి.

ఇన్సూరెన్సు దగ్గర కూడా ఇదే మాట ఇబ్బంది పెడుతుంది. మన కారు పాలసీ, క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు కవరేజీ చాలావాటిలో ట్రక్కులకి పనిచేయవు. కౌంటర్లో అమ్మే కవరేజీలో కూడా పైకప్పు దెబ్బతింటే కవరవదని మినహాయింపు ఉండొచ్చు, అంటే సరిగ్గా మనకి కావలసినచోటే చెయ్యివ్వొచ్చు. ఓవర్‌హెడ్ డ్యామేజీ ఇందులో ఉందా అని ఆ మాటలతోనే అడిగి, ఉన్న రకమే తీసుకోండి. నాలుగు డాలర్లు ఎక్కువైనా నష్టం లేదు.

రాష్ట్రం దాటుతుంటే బయల్దేరేముందు రెండు చూడాలి. వే స్టేషన్లో అద్దె ట్రక్కు కూడా ఆగాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఆయా రాష్ట్రం సైటులో ఉంటుంది. ఫ్లోరిడాకి మాత్రం సందేహమే లేదు. అక్కడ వ్యవసాయ శాఖ తనిఖీ స్టేషన్లున్నాయి, పంటలకి చీడపీడలు రాకుండా కాపలా. అద్దె ట్రక్కులు, లాగుడు ట్రైలర్లు అన్నీ లోపలికి వెళ్లి ఆగాల్సిందే, దాటిపోతే వెనకాల లైట్లేసుకుని వస్తారు. మీ కరివేపాకు కుండీ ఏ పెట్టెలో ఉందో ముందే గుర్తుపెట్టుకోండి, లేకపోతే అక్కడ సామానంతా దింపాల్సి వస్తుంది.