ఒక ఏడాది ఆగు, అమ్ములూ

పెరంబూరు
చి. అమ్ములుకి మామయ్య ఆశీస్సులు.

బోనస్ డబ్బుతో టెలిస్కోపు కొనబోతున్నాననీ, కార్ట్‌లో పెట్టి నా మాట కోసం ఆగాననీ రాశావు. ఆగి మంచిపని చేశావు. ఇంకో ఏడాది ఆగు.

పిసినారితనం అనుకోకు. నేనూ ఒకటి కొన్నాను. 60 మిల్లీమీటర్ల కటకం, డబ్బా మీద 525 రెట్లు అని బంగారు రంగు అక్షరాలు. ఆ మాట నమ్మే కొన్నాను. కటకం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెండింతల దాకానే పనికొస్తుందట. అంతకు మించితే బొమ్మ పెద్దదవుతుంది గానీ అలుక్కుపోతుంది. అంటే నాది 120తో సరి. అదైనా దక్కిందా? వీధిలో నీళ్ళ లారీ పోతే చాలు, స్టాండు ఊగి చంద్రుడు గంతులేసేవాడు. ఇప్పుడు ఆ గొట్టం అటక మీదుంది, స్టాండు మీ అత్తయ్య బీరపాదుకి ఊతంగా ఉంది. పాదు మటుకు బాగా కాస్తోంది.

నిజం చెప్పాలంటే దాన్ని ఎటు తిప్పాలో కూడా నాకు తెలియదు. అందుకే ముందు ఉత్త కళ్ళతో చూడు. మన చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు, ఆశ పెట్టుకోకు. సంక్రాంతి దాటాక ఆకాశం తేటపడుతుంది. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ డాబా ఎక్కు. ఫోన్ జేబులో పెట్టెయ్. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది, ఒక్కసారి స్క్రీన్ చూశావా, మళ్ళీ మొదటికే.

నడినెత్తికి కాస్త దగ్గరలో మూడు చుక్కలు వరుసగా ఉంటాయి. మీ అమ్మమ్మ గొల్లకావడి అనేది. ఆ గీతని ఆగ్నేయానికి సాగదీస్తే సిరియస్, నక్షత్రాలన్నిట్లోకీ ఎక్కువ వెలిగేది. వాయవ్యానికి సాగదీస్తే ఎర్రటి రోహిణి, ఇంకా ముందుకెళ్తే కృత్తికలు, అమ్మమ్మ మాటల్లో పిల్లలకోడి. సిరియస్‌కి దిగువన దక్షిణాన ఒంటరిగా మెరిసేది అగస్త్యుడు. వెలుగులో రెండోవాడు. లండన్ వాళ్ళకి వాడు ఎన్నటికీ కనబడడు, ఢిల్లీలో నేల మీది పొగమంచులో కొట్టుకుంటాడు, మనకి దర్జాగా పైకొస్తాడు. దీనికి బదులుగా ధ్రువుణ్ణి వదులుకున్నాం అనుకో. మనం 13 డిగ్రీల అక్షాంశం మీదున్నాం గనక అతను ఉత్తరాన అంతే ఎత్తులో ఉంటాడు, అంటే చాచిన చేతి పిడికిలి కంటే కాస్త ఎక్కువ. నాకైతే పక్కింటి వాటర్ ట్యాంకు మింగేసింది.

ఈ చుక్కలు పేరుపేరునా తెలిశాక బైనాక్యులర్ కొను. 7x50 గానీ 10x50 గానీ. మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది కటకం వెడల్పు. మోచేతులు పిట్టగోడకి ఆనించి గురుగ్రహాన్ని చూడు, పక్కన సూదిమొనల్లా నాలుగు చందమామలు ఉంటాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. చంద్రుణ్ణి పౌర్ణమినాడు చూడకు, సున్నం కొట్టిన గోడలా ఉంటాడు. సగం చంద్రుడప్పుడు చీకటీ వెలుగూ కలిసే అంచు చూడు, గుంతల నీడలు అక్కడే పొడుగ్గా పడతాయి. సూర్యుడి వైపు మటుకు పొరపాటున కూడా తిప్పకు, కన్ను పోతుంది.

రాకెట్ పిచ్చి కూడా ఉందిగా నీకు, దానికి పైసా ఖర్చు లేదు. శ్రీహరికోట మనకి ఉత్తరాన. రాత్రి ప్రయోగమైతే మా డాబా నుంచే నారింజ రంగు నిప్పు పైకి లేవడం కనిపిస్తుంది, చప్పుడు వినబడదు. ధ్రువ కక్ష్యకి, అంటే భూమిని ఉత్తర దక్షిణ ధ్రువాల మీదుగా చుట్టే దారికి, పోయే పీఎస్ఎల్వీ రాకెట్‌ని గమనించు. ముందు ఆగ్నేయానికి పోయి తర్వాత దక్షిణానికి మళ్ళుతుంది, శ్రీలంక మీదుగా పోకూడదని. ఆ మలుపుకి ఇంధనం తగలేసుకోవాలి. తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నది అందుకే, అక్కణ్ణుంచైతే మలుపు లేకుండా నేరుగా దక్షిణానికి పోవచ్చు. దగ్గర్నుంచి చూడాలంటే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని సూళ్ళూరుపేట లోకల్ ఎక్కు. దిగగానే తెలుగు వినబడుతుంది, ఇడ్లీతో కారప్పొడి దొరుకుతుంది.

ఇంకొకటి. నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఉన్నచోటే 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీ ఉండేది. అక్కడ పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని కనిపెట్టాడు. మరుసటేడు సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి మన వనపర్తికి వెళ్ళాడు. ఆయన గురించి నీకు బళ్ళో చెప్పి ఉండరు, నాకూ చెప్పలేదు.

ఏడాది తర్వాత కూడా మనసు నిలిస్తే ఆరంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ కొందాం, అంటే నేల మీద పీటలో కూర్చోబెట్టి చేత్తో తిప్పుకునే టెలిస్కోపు, సగం డబ్బు నాది. శనిగ్రహం వలయాలు చూసిన రోజు నువ్వే ఫోన్ చేస్తావు.

సంక్రాంతి దాటాక వచ్చే మొదటి అమావాస్యకి ఇటు రా. చాప నేను పరుస్తాను, దోమల అగరొత్తులు నువ్వు తీసుకురా. మీ అత్తయ్య బీరకాయ పచ్చడి చేస్తానంటోంది.

మీ మామయ్య