ఎనిమిది నెలలైనా ఏడుపు ఆగడం లేదు, నాకు విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా వారు ప్రభువునందు నిద్రించి ఎనిమిది నెలలైంది. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారేసరికి లేరు. ఆదరణ కూడికల దాకా అందరూ ఉన్నారు, ఆ తర్వాత ఇల్లు ఖాళీ. మందిరంలో పాటలు మొదలైతే నాకు నోరు పెగలదు, ఆయనకి ఇష్టమైన పాట వస్తే లేచి బయటికి వెళ్ళిపోతాను. మొన్న స్త్రీల కూడికలో ఒక పెద్దామె అందరి ముందూ, "ఎల్లప్పుడును ఆనందించుడి అని వాక్యం ఉంది కదమ్మా, ఇంకా ఇలా ఏడుస్తుంటే బయటివాళ్ళ ముందు మన సాక్ష్యం ఏం కావాలి" అన్నారు. ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన వారం మా మనవడు వాళ్ళ తాతలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచి చూపిస్తే పకపకా నవ్వేశాను, ఇక ఆ రాత్రంతా ఏదో తప్పు చేసినదానిలా నిద్ర పట్టలేదు. ఏడిస్తే విశ్వాసం లేదంటున్నారు, నవ్వితే నాకే సిగ్గుగా ఉంది. ఎప్పటికీ పోని సంతోషం అంటారే, అది నాబోటి దానికి దొరుకుతుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ పెద్దామె చెప్పిన వచనం సంగతే చూద్దాం, ఎందుకంటే మీకు తగిలిన దెబ్బ దాంతోనే తగిలింది. అది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు దీన్ని రాసింది బంధకాల్లో, అంటే జైల్లో ఉండి, అది అందరికీ తెలుసు, ప్రసంగాల్లో చెప్తూనే ఉంటాం. కానీ అదే ఉత్తరంలో రెండు పేజీలు వెనక్కి వెళ్ళి చూసేవాళ్ళు తక్కువ. రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే సహోదరుడు జబ్బుచేసి చావుదాకా వెళ్ళి బతికాడు, దేవుడు అతన్ని కనికరించాడు, నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా నన్నూ కనికరించాడు అని రాస్తాడు పౌలు. అంటే అతను పోయుంటే నేను తట్టుకోలేకపోయేవాడిని అని ఒప్పుకుంటున్నాడు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి "యిప్పుడును ఏడ్చుచు చెప్పుచున్నాను" అంటాడు. ఆ తర్వాతే, నాలుగో అధ్యాయంలో, "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి". మరి ఏడుస్తూ ఉత్తరం చెప్పిన మనిషికి విశ్వాసం లేదందామా?

కొరింథీయులకు రాసినప్పుడైతే ఇంకా సూటిగా, దుఃఖపడేవాళ్ళలా ఉన్నా ఎల్లప్పుడు సంతోషించేవాళ్ళం అని రెండూ ఒకే వాక్యంలో పెట్టేశాడు. ఏడుపు పూర్తిగా ఆగిపోయాక సంతోషం మొదలవుతుందని ఆయన ఎక్కడా చెప్పలేదు. థెస్సలొనీక వాళ్ళకి కూడా ఏడవద్దని చెప్పలేదు, నిరీక్షణ లేని ఇతరుల్లా దుఃఖపడొద్దన్నాడు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన స్తెఫను చనిపోయినప్పుడు భక్తిగల మనుషులే అతన్ని సమాధి చేసి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. బయటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని వాళ్ళెవరూ ఆగలేదు. (సాక్ష్యం గురించి అంత బాధపడేవాళ్ళం, భర్త పోయిన ఆడమనిషి పెళ్ళికూతురికి ఎదురు రాకూడదనే పట్టింపు మన సంఘాల్లో కూడా అక్కడక్కడా నడుస్తుంటే మాత్రం నోరెత్తం. అది వేరే వారం మాట్లాడుకుందాం.)

ఇక అసలు ప్రశ్న, పోని సంతోషం ఉందా అని. యేసు ఆ మాట అన్నది సిలువకు ముందు రాత్రి. యోహాను సువార్త పదహారో అధ్యాయం తీయండి. మీరు ఏడ్చి ప్రలాపిస్తారు అని ముందే చెప్పాడు, ఏడవకండి అనలేదు. తర్వాత, నేను మిమ్మల్ని మళ్ళీ చూస్తాను, అప్పుడు మీ హృదయం సంతోషిస్తుంది, ఆ సంతోషాన్ని మీ దగ్గర్నుంచి ఎవడూ తీసెయ్యడు అన్నాడు. ఎందుకు తీసెయ్యలేడో చూడండి. శిష్యులు గుండె గట్టి చేసుకున్నారని కాదు, వాళ్ళు తలుపులు వేసుకుని భయంతో కూర్చున్నారు, ఆదివారం ఆయన లేచి వచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఆ సంతోషం ఆయన బతికి ఉండటాన్ని బట్టి ఉంది, మన మూడ్‌ని బట్టి కాదు. మీరు ఈ ఆదివారం పాట మధ్యలో బయటికి వెళ్ళిపోయినా సమాధి ఖాళీగానే ఉంటుంది, మీ వారి గురించిన నిరీక్షణ కూడా అలాగే ఉంటుంది. దాన్ని మీరు ఏడవకుండా ఉండి కాపాడాల్సిన పని లేదు, నాకు తెలిసినంతలో ఈ ముక్క అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

బేతనియలో ఏం జరిగిందో కూడా చదవండి, యోహాను పదకొండు. లాజరు పోయాక మార్త, మరియ ఇద్దరూ ఒకే మాట అన్నారు, ప్రభువా నువ్వు ఇక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని. మార్తకు యేసు "పునరుత్థానమును జీవమును నేనే" అని వాక్యం చెప్పాడు. అదే మాట మరియ అంటే వాక్యం చెప్పలేదు, కన్నీళ్ళు విడిచాడు. ఇంకాసేపట్లో లాజరును తానే లేపబోతున్నాడని తెలిసి కూడా ఏడ్చాడు.

నవ్వు సంగతి. మీ మనవడు వాళ్ళ తాతని మీకు ఒక్క నిమిషం తెచ్చి చూపించాడు, మీరు నవ్వారు, అందులో సిగ్గుపడేది ఏముందమ్మా? ఆయన ఉండి ఉంటే ఆయనా నవ్వేవారు కదా. మళ్ళీ చేసి చూపించమనండి.

మందిరం మానొద్దు, కానీ పాడాలని బలవంతమూ లేదు. వెనక బెంచీలో కూర్చోండి, మిగతావాళ్ళు పాడుతుంటే వినండి, సంఘం అనేది ఉన్నది అందుకే, మీ నోరు పెగలని రోజున మీ బదులు పాడటానికి. ఇంట్లో ప్రార్థన రాకపోతే 88వ కీర్తన చదవండి. అది మొదలుపెట్టడం మొరతో మొదలుపెట్టి చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా ఉండదు, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. ఇంకొక్క మాట. వారాల తరబడి సరిగ్గా నిద్ర, తిండి లేకపోయినా, ఆయన దగ్గరికే వెళ్ళిపోతే బాగుండు అనే ఆలోచన వచ్చినా, పిల్లలకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మాట్లాడటం తర్వాత.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు పదిహేడేళ్ళవాడు బైక్ ప్రమాదంలో పోయాడు. వదిన ముఖం చూడాలంటే భయమేస్తోంది, ఏం చెప్పి ఆదరించాలో తెలియక వెళ్ళడమే మానేశాను. ఏ వాక్యం చెప్పమంటారు?
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: ఏదీ చెప్పొద్దు, వెళ్ళండి చాలు. పిల్లల్నందర్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద అతని పక్కన ఊరికే కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడిపోయింది, చివరికి దేవుడితో చివాట్లు తిన్నారు. దేవుడికి తన తోటలో పువ్వు కావాల్సొచ్చి కోసుకున్నాడు లాంటి మాటలు మాత్రం దయచేసి వద్దు, తల్లికి అవి శూలాల్లా గుచ్చుకుంటాయి. పిల్లాడి పేరు ఎత్తడానికి భయపడకండి, వాడి గురించి మీకు గుర్తున్నది ఏదైనా ఉంటే చెప్పండి, వదిన ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి. అన్నయ్యని కూడా పలకరించండి, మగాళ్ళని అడిగేవాళ్ళే ఉండరు. జనం తగ్గాక, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఒక క్యారియర్ నిండా భోజనం పట్టుకెళ్ళి వాళ్ళతో కూర్చుని తిని రండి.