ఒక్క సూర్యుడితో ఓడ స్థానం

ప్రశ్న: జీపీఎస్ పనిచేయనప్పుడు సూర్యుణ్ణి మాత్రమే పలుమార్లు కొలిచి నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో ఎలా తెలుసుకుంటారు? (ఒక పాఠకుడు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా)

జవాబు: సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో దిగంతం నుంచి సూర్యుడి ఎత్తును ఒకసారి కొలిస్తే దొరికేది బిందువు కాదు, గీత, ఆ క్షణాన సూర్యుడు అదే ఎత్తున కనిపించే చోట్లన్నీ భూమిపై పెద్ద వృత్తంగా ఉంటాయి, పటం మీద అందులోని చిన్న ముక్క సరళరేఖలా కనిపిస్తుంది. 1837లో అమెరికన్ నావికుడు థామస్ సమ్నర్ గ్రహించిన సంగతి ఇదే. రెండు మూడు గంటలకు సూర్యుడి దిక్కు మారాక మళ్లీ కొలిచి, ఈలోగా ఓడ సాగిన దిశ, దూరం మేరకు మొదటి గీతను జరిపితే, రెండు గీతలూ ఖండించుకునే చోటే ఓడ ఉంటుంది.

నిమిషాల వ్యవధిలో నాలుగైదుసార్లు కొలవడం వేరే పని. ఆ సగటు ఓడ ఊపు వల్ల వచ్చే పొరపాటును తగ్గిస్తుందే గానీ కొత్త గీతను ఇవ్వదు. ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి. కొలిచిన క్షణాన్ని బట్టే గీతను లెక్కిస్తారు కనుక, గడియారం 4 సెకన్లు తప్పితే మన తీరంలో స్థానం తూర్పుపడమరలుగా దాదాపు 1.8 కిలోమీటర్లు జరుగుతుంది.

కృష్ణపట్నం దగ్గర ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్యలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, దిక్కు నిమిషాల్లోనే మారిపోతుంది కనుక గంటలకొద్దీ ఆగనక్కరలేదు. అయితే అప్పుడు వృత్తం బాగా చిన్నది కాబట్టి, సరళరేఖకు బదులు వృత్తాన్నే పటం మీద గీయాలి.